మొదలు పోయిన రికార్డు

నా చిన్నప్పుడు పర్చూరులో, మా అత్తయ్య ప్రాణంగా చూసుకునే ఒక రికార్డును నేను ఎండలో పెట్టి పాడుచేశాను. అరవై ఏళ్ళ నాటి మాట. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. గుంటూరు బ్రాడీపేటలో ఆదివారం సాయంత్రాలు ఒక మేడమీద గదిలో కలుసుకునే నలుగురు పెద్దమనుషులు నన్ను అంతగా విసిగించారు. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను. ముందు మా అత్తయ్య గురించి చెప్పాలి.

మా నాన్న మిషను బడిలో మాస్టారు. ఆయన అక్క, అంటే మా పెద్ద మేనత్త, ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో ఒకరి మీద చిరాకు పడుతూ ఉండేది. రోగుల మీద చిరాకు, వాళ్ళ చుట్టాల మీద ఇంకా చిరాకు, ఇంటికొచ్చాక మా మీద. ఆవిడ కోప్పడిన మనిషికి జ్వరం తగ్గకపోతే మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినేది కాదని మా అమ్మ చెప్పేది.

ఆ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ మా అత్తయ్యకు పెట్టెలా మూత వేసుకునే రికార్డు ప్లేయరు ఇచ్చి వెళ్ళింది. దానితోపాటు కొన్ని చిన్న కీర్తనల రికార్డులు, ఒకే ఒక్క పెద్ద రికార్డు. ఆ పెద్ద దాంట్లో పాట లేదు, మాట లేదు. ఎక్కడో చలిదేశంలో, పెద్ద హాల్లో, జనం కూర్చుని వింటుండగా డెబ్బై ఎనభై మంది కలిసి వాయిస్తే పట్టిన రికార్డు అది. ఆర్కెస్ట్రా అనే మాట నేను మొదట విన్నది దాని అట్ట మీద ఉన్న అక్షరాలు అత్తయ్య చదివి చెప్పినప్పుడే. వీలు దొరికిన మధ్యాహ్నం అత్తయ్య సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, ఆ రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ కాసేపే ఆవిడ నుదుటి మీద గీతలు కనపడేవి కావు.

నాకు పదకొండో ఏట క్రిస్మసు సెలవులకు గుంటూరులో మా మేనమామ ఇంటికి పంపారు. నేను చెడిపోవడం అక్కడ మొదలైంది. ఆయనకు రేడియో, రికార్డు ప్లేయరు కలిసి ఉన్న, బీరువా అంత రేడియోగ్రాము ఉండేది. ఎవరు ఇంటికొచ్చినా మామయ్య ఒక రికార్డు పెట్టి, రెండు నిమిషాలు కాగానే శబ్దం తగ్గించి, గాత్రం ఎంత నిండుగా వచ్చిందో, కింది స్వరం గుండెకు ఎలా తగిలిందో ఆయనే చెప్పేవాడు. వచ్చినవాళ్ళు తల ఊపేవాళ్ళు. నేను అక్కడున్న పది రోజుల్లో ఒక్క పాటయినా చివరిదాకా విన్న గుర్తు లేదు. కానీ మాటలన్నీ పట్టేశాను. బేసు, గరగర, సూది అరిగిపోవడం, రికార్డు వంగడం. తిరిగొచ్చి అవన్నీ మా అత్తయ్య మీద ప్రయోగించాను.

ఆవిడ కళ్ళు మూసుకుని వింటుంటే పక్కన నిలబడి, దీంట్లో బేసు లేదు అత్తయ్యా అనేదాన్ని. మామయ్య వాళ్ళ దాంట్లో అయితే గోడలు అదురుతాయి అనేదాన్ని. ఒకరోజు పాస్టరు గారి భార్య వచ్చి వింటుండగా, ఇది డొక్కు మిషను అండి, మీరు గుంటూరులో వినాలి అని చెప్పాను. అత్తయ్య లేచి మిషను ఆపేసి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. గెలిచాననుకున్నాను నేను.

ఆ పెద్ద రికార్డు అంచు ఒకచోట కొంచెం వంగి ఉండేది. తిరుగుతుంటే సూది అక్కడికి వచ్చినప్పుడల్లా కాస్త లేచి దిగేది. వినడానికి అడ్డేమీ లేదు. కానీ ఆ లేవడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం విసిగిపోయేది. వంగిన రికార్డును అద్దం కింద పెట్టి వెచ్చచేస్తే సాపు అవుతుందని మామయ్య ఎవరితోనో చెప్పగా విన్నాను. ఎంతసేపు, ఎంత వేడి అన్నది వినలేదు.

మార్చి నెలలో ఒక శనివారం. మాకున్న రెండెకరాల మిరప కోత అయిపోయి కాయలు డాబా మీద ఆరబోసి ఉన్నాయి. అత్తయ్య ఆసుపత్రికి వెళ్ళింది. పొద్దున తొమ్మిదింటికి రికార్డు తీసుకుని డాబా ఎక్కాను. గోడకున్న బైబిలు వాక్యం పటం విప్పి దాని అద్దం తెచ్చాను. కింద రేకు పెట్టె మూత వేసి, దాని మీద రికార్డు, రికార్డు మీద అద్దం పెట్టాను. అద్దం చిన్నది, రికార్డు అంచులు చుట్టూ బయటికే ఉన్నాయి. చాల్లే అనుకున్నాను. కాసేపు కూర్చుని చూశాను, ఏమీ జరగలేదు. కింద వీధిలో నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే దిగి వెళ్ళాను. ఆ తర్వాత నాకు రికార్డు గుర్తుకు రాలేదు.

మా ప్రాంతపు మార్చి ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పన్నెండింటికి అత్తయ్య వచ్చింది. చెప్పులు విప్పుతుంటేనే గుర్తొచ్చింది నాకు. పరుగెత్తి డాబా ఎక్కితే అద్దం కింద ఉన్నంత మేర బాగానే ఉన్నట్టు కనిపించింది. బయటికి ఉన్న అంచు మాత్రం నూనెలో వేసిన అప్పడంలా చుట్టూ లేచి, ముడుచుకుపోయి ఉంది. చేత్తో అదిమితే వేలు కాలింది. ఇంకోచోట అదిమాను, అక్కడ ఇంకొంచెం వంకర తిరిగింది. తల ఎత్తి చూస్తే అత్తయ్య మెట్ల దగ్గర నిలబడి ఉంది.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆవిడ వచ్చి, రికార్డును రెండు అరచేతులతో అంచులు తగలకుండా ఎత్తి, ఆసుపత్రిలో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కిందికి దిగింది. ఎందుకు చేశావని అడగలేదు. నేనే ఏడుస్తూ, బాగుచేద్దామని అత్తయ్యా అన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా, "మధ్యాహ్నం మూడింటికి వరండాలోకి రా, ఎక్కడికీ పోకు" అని మాత్రం అంది. భోజనానికి కూర్చోలేదు.

మూడింటికి వరండాలో నలుగురు ఆడవాళ్ళు మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. వాళ్ళలో పెద్దది ఒక అవ్వ. ఏటా మా కాయలకు ఆవిడే వచ్చేది, మిగతా కూలీలను ఆవిడే వెంటపెట్టుకొచ్చేది. అత్తయ్య నన్ను ఆ అవ్వ పక్కన, మిషనుకు వీపు పెట్టి కూర్చోమంది. చేతులకు పని ఉంటే నోరు తక్కువ వాగుతుందని ఒక బుట్టెడు కాయలు నా ముందు కుమ్మరించింది. తర్వాత గుమ్మం లోపల మిషను పెట్టి, ముడుచుకుపోయిన అంచు దాటాక సూదిని దించింది. రికార్డు మొదలయ్యేది అంచు దగ్గరే, ఆ భాగం ఇక పలకదు.

రికార్డు తిరిగింది. అంచు వంకర లోపలి వరకు పాకింది కాబట్టి స్వరం సాగుతూ, కుంగుతూ, ఉయ్యాల ఊగుతున్నట్టు వచ్చింది. నాకు చెవులు మూసుకోబుద్ధేసింది.

"ఏం వినపడింది?" అని అడిగింది అత్తయ్య.

సాగుతోంది అత్తయ్యా అన్నాను. ఆవిడ సూది ఎత్తి మళ్ళీ అక్కడినుంచే పెట్టింది. రెండోసారి అడిగితే అల్లాడుతోంది అన్నాను. మళ్ళీ ఎత్తింది. మూడోసారి, బేసు అసలు రావడం లేదు అన్నాను. అప్పటికి తొడిమల ఘాటు ముక్కుకెక్కి కళ్ళు మండుతున్నాయి, గోళ్ళ సందుల్లో మంట. ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. నాలుగోసారి, నాకేం తెలీదు, నువ్వే పాడుచేశావు అని చెప్పి కొట్టెయ్యరాదా అన్నాను. ఆవిడ మళ్ళీ సూది ఎత్తింది.

"మిషను సంగతి నాకు తెలుసు. అందులో వాళ్ళేం వాయించారో చెప్పు."

అయిదోసారి సూది ఎత్తబోతుంటే ఇంక ఉండబట్టలేక మాట్లాడింది అవ్వ. చేతిలో కాయ రాశిలో పడేసి లోపలికి తిరిగింది.

"నర్సమ్మ గారూ, ఎన్నిసార్లు మొదలెడతారమ్మా. ఆయనెవరో దగ్గుతాడే, అందాకన్నా రానీండి ఒకసారి."

నాకు అర్థం కాలేదు. దగ్గేమిటి అని అడిగాను. ఆ రికార్డు నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి మా ఇంట్లో మోగుతోంది. అందులో దగ్గు ఉన్నట్టు నాకు తెలీదు. అవ్వ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. ఏటా మిరపకాయల కాలంలో నాలుగు వారాలు మా వరండాలో కూర్చుని వినేది ఆవిడ. అంతే.

"అదేంది పాపా, రోజూ ఇంట్లో ఉండేదానివి. బొళబొళా డప్పులు పడతాయే, అవి పడంగానే ఒకాయన దగ్గుతాడు. పాపం, దానికి ముందు శానాసేపు ఆపుకుంటాడు."

ఆపుకున్నాడని నీకెలా తెలుసు అన్నాను, ఆవిడను పట్టేద్దామని. అవ్వ నవ్వలేదు, కోప్పడలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

"మామూలు దగ్గు గొంతులోంచి వచ్చుద్ది. ఆపుకున్న దగ్గు పొట్టలోంచి వచ్చుద్ది. పుట్టినకాడినించీ మిరపకాయల్లో బతికినోళ్ళం, మాకు తెలవదా. ఆదివారం గుళ్ళో పాస్టరయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు మేం పాట మొదలెట్టేదాకా ఆపుకోమా?"

మా అత్తయ్య చేయి సూది మీద అలాగే ఆగిపోయింది. ఆవిడ, నేను ఇన్నేళ్ళూ ఆ దగ్గు విని ఆయనకు ఛాతీలో నెమ్ము ఉందనుకున్నాను, పాపం ఎవరూ మందు ఇవ్వలేదేమో అనుకునేదాన్ని, అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సూది దించింది. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

నేను ఆ దగ్గు కోసం విన్నాను. దాన్ని పట్టుకోవాలన్న పంతంతో విన్నాను. అందుకోసం మిగతావన్నీ వినాల్సివచ్చింది. ముందు ఫిడేళ్ళు అందరూ కలిసి ఊపిరి బిగబట్టినట్టు చాలా సన్నగా వాయిస్తున్నారు. వాళ్ళ మీద ఒక్క పిల్లనగ్రోవి లాంటిది ఏదో అడుగుతోంది. ఎవరూ జవాబు చెప్పడం లేదు. మళ్ళీ అడిగింది. హాల్లో ఎవరో కుర్చీలో సర్దుకున్నారు. ఇంకా సన్నగా, ఇంకా సన్నగా, ఇక ఏమీ మిగలదేమో అనిపించేదాకా తగ్గింది. అప్పుడు డప్పులు, బూరాలు అన్నీ ఒక్కసారి పడ్డాయి. ఆ హోరు మధ్యలో, అవ్వ చెప్పినట్టే, పొట్టలోంచి ఒక దగ్గు.

ఆ మనిషి ఎంతసేపు ఆపుకున్నాడో నాకు తెలిసింది, ఎందుకంటే ఆ సన్నని చోటంతా నేనూ ఊపిరి బిగబట్టే ఉన్నాను. మిరపకాయల ఘాటుకు నాకూ దగ్గు వస్తోంది. ఆపుకున్నాను. డప్పులు పడ్డాక దగ్గాను. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి రుద్దింది, ఆ చేతి మంట నా జాకెట్టులోంచి తెలిసింది. స్వరం అల్లాడుతూనే ఉంది. అల్లాడుతోందని నాకు గుర్తుకు రాలేదు.

అత్తయ్యను క్షమించమని అడగాలని లేచాను. ఆవిడ రికార్డు తీసి అట్టలో పెడుతోంది. నా ముఖం చూసి ఏం అడగబోతున్నానో తెలుసుకుంది కాబోలు, ముందే ఆపేసింది.

"మొదలు పోయింది. దాన్ని నువ్వూ తేలేవు, నేనూ తేలేను. ఉన్నది విను."

నా మీద కోపం ఆవిడకు ఆ రోజుతో పోలేదు. చాలా వారాలు నాతో ముభావంగానే ఉంది. ఆ మొదలంటే ఆవిడకు చాలా ఇష్టమని, డాక్టరమ్మతో కలిసి మొదటిసారి విన్నది అదేనని మా అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా అత్తయ్య ఆ రికార్డును అంచు దాటిన చోటినుంచే విన్నది. అట్ట మాత్రం పారేయలేదు. ఆవిడ పోయాక అది నా దగ్గరికి వచ్చింది.

నేను గుంటూరులో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేరి, పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, నా పాత శిష్యురాలు ఒకామె ఆ అట్ట మీది పేర్లు రాసుకుని వెళ్ళి, హైదరాబాదులో ఎక్కడో వెతికి అదే రికార్డింగు సీడీగా వచ్చిందని తెచ్చిపెట్టింది. అప్పటికి అత్తయ్య పోయి నాలుగేళ్ళు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకున్నాను. అందులో మొదలు ఉంది. నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు పక్కన నిలబడి బేసు లేదని గొణుగుతూ వినకుండా పోగొట్టిన మొదలు. మూడు నిమిషాలు ఉంటుందేమో. దాదాపు ఏమీ జరగదు అందులో. చీకటి గదిలో ఒకరు దీపం చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడిచి వస్తున్నట్టు ఉంటుంది. విని, ఆపి, వంటింట్లోకి వెళ్ళి ఊరికే నిలబడ్డాను. ఆవిడకు వినిపించలేకపోయాను కదా అన్నది ఇప్పటికీ తగ్గలేదు.

ఇక బ్రాడీపేట పెద్దమనుషులు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఒకాయన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయినాయన, ఒకరు కోచింగు సెంటరులో లెక్కలు చెప్పే కుర్రవాడు, ఒకరు మందుల షాపు ఆయన. నలుగురూ మంచివాళ్ళే. డాక్టరు గారి మేడమీద గదికి గోడలంతా స్పాంజి అంటించి, నా ఎత్తున్న స్పీకర్లు రెండు నిలబెట్టారు. వాటి వెనక వైర్లు చేతికర్రంత లావున ఉంటాయి. కొత్త స్పీకర్లు వచ్చాక వాటికి తగిన మంచి పాత ఆర్కెస్ట్రా రికార్డింగు ఒకటి చెప్పమని నన్ను అడిగారు. టీచరు గారు చెబితే అదే కొంటామన్నారు. సంతోషంగా చెప్పాను. కొన్నారు కూడా. వినడానికి నన్నూ పిలిచారు.

నేను కూర్చోగానే డాక్టరు గారు పెట్టారు. ఇరవై సెకన్లు కాలేదు, దీంట్లో ఏం లేదండి అని మొదలంతా దాటించేశారు. మా మామయ్య అక్కడ కూర్చున్నట్టే అనిపించింది నాకు. సరాసరి డప్పుల దగ్గరికి పోయారు. బేసు బావుందన్నారు, పాత రికార్డింగు కదా కొంచెం సుయ్యిమంటోందన్నారు. దగ్గు వినపడగానే నలుగురూ ఒకేసారి ముఖం చిట్లించారు. కోచింగు సెంటరు కుర్రవాడు, దాన్ని కంప్యూటరులో చెరిపేయొచ్చు మేడమ్, రెండు నిమిషాల పని అన్నాడు. మొదటినుంచి పెట్టండి అని అడిగాను. పెట్టారు. పెట్టి, వైరు మారిస్తే తేడా తెలుస్తుందా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మళ్ళీ పెట్టమన్నాను. ఈసారి మందుల షాపు ఆయన లేచి స్పీకరును జానెడు పక్కకు జరిపాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. డెబ్బై దాటిన మనిషిని, మెట్లు దిగుతూ చిన్నపిల్లలా గొణుక్కున్నాను.

మూడు రోజులకు ఆ కుర్రవాడు దగ్గు తీసేసిన ముక్కను వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ బొటనవేళ్ళు చూపించారు. విన్నాను. దగ్గు లేదు. దానితోపాటు ఆ క్షణంలో బూరాల చివర ఉండే గరుకూ పోయింది. హాలు ఖాళీ అయిపోయినట్టు ఉంది. నేను కోపంగా ఏదో టైపు చేయబోయి చెరిపేశాను. ఎందుకు ఈ రికార్డింగే చెప్పానో వివరంగా రాయమని డాక్టరు గారు మర్యాదగానే అడిగారు. అందుకే ఇదంతా రాశాను. డాక్టరు గారూ, నా సిఫారసు ఇప్పటికీ అదే. దగ్గు ఉన్నదే వినండి. మొదటినుంచి వినండి. స్పీకర్లు మీ ఇష్టం.

ఇది రాస్తుండగా నిన్న బ్యాంకు ఆయన ఫోన్ చేశారు. ఇంట్లో ఊరికే పెట్టుకుని విన్నానండి, ఆ మొదట్లో ఫిడేళ్ళ వెనక సన్నగా, ఒకటే స్వరం చాలాసేపు నిలబడి ఉంటుంది, అది ఏ వాయిద్యం అని అడిగారు. ఇన్ని నెలల్లో అందులో వాయించిన దాని గురించి వాళ్ళలో ఒకరు అడగడం అదే మొదటిసారి. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. మీకు ఏమనిపిస్తోంది, మళ్ళీ విని చెప్పండి అన్నాను. ఆయనకు చిరాకు వేసింది. తెలిస్తే చెప్పొచ్చు కదండీ, ఇందులో పరీక్షేముంది అని ఫోన్ పెట్టేశారు.

నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలందరినీ ముప్పై ఏళ్ళు ఇలాగే సతాయించాను. ఏం వినపడింది అని అడగడం, జవాబు చెప్పకుండా మళ్ళీ మొదటినుంచి పెట్టడం. వాళ్ళూ నన్ను తిట్టుకునే ఉంటారు. బ్యాంకు ఆయననూ తిట్టుకోనివ్వండి. ఆ మధ్యాహ్నం వరండాలో మా అత్తయ్యను నేను మనసులో తిట్టని తిట్టు లేదు. తిట్టుకుంటూనే విన్నాను.